తొమ్మిదో నంబరు మెంబరు

“ఈ భూమ్మీద అసలు సిసలు డిటెక్టివులు ఇద్దరే ఇద్దరు, దుర్గా. ఒకడు ఇంకా పుట్టలేదు. రెండోవాడు ప్రస్తుతం మీ ఇంట్లో ఇడ్లీ తింటున్నాడు.”

అలా ప్రకటించి శ్రీరామచంద్రమూర్తి ఆరో ఇడ్లీ మీద చెయ్యి వేశాడు. దుర్గాశ్రీ పళ్లెం తన వైపు లాక్కుంది. ఆయన ఆమెకు స్వయానా మేనమామ. అందులో ఆమె తప్పేం లేదు.

యానాం మార్కెట్ వీధిలో మూర్తికో షాపుంది. బోర్డు మీద ‘ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు రిపేరు చేయబడును’ అని పెద్దక్షరాలు. దాని కింద ‘రహస్యములు ఛేదించబడును’ అని చిన్నక్షరాలు. ఇప్పటిదాకా ఆయన ఛేదించిన రహస్యం ఒక్కటే. కనకాలపేటలో తప్పిపోయిన మేకను నాలుగు రోజులు గాలించి పట్టుకున్నాడు. ఆ నాలుగు రోజులూ మేక ఆయన షాపులోనే ఉండి రెండు టేబుల్ ఫ్యాన్ల వైర్లు తినేసిందన్న సంగతి ఆయన రికార్డుల్లో లేదు. రికార్డుల్ని కూడా మేకే తినేసింది.

ఆ శనివారం పొద్దున్న దుర్గాశ్రీ మాత్రం ఇడ్లీ ముట్టుకోలేదు. సెబాస్టియన్ మాస్టారి కరాటే స్కూల్లో ఆమెది ఏడేళ్ల సాధన, బ్రౌన్ బెల్టు. మర్నాడు ఆదివారం నాలుగింటికి పాండిచ్చేరి హెడ్డాఫీసు నుంచి అబ్జర్వరు వచ్చి ఆమెకు బ్లాక్ బెల్టు పరీక్ష పెడతాడు. సోమవారం ఆడపిల్లల స్కూల్లో కరాటే టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. బెల్టు తెచ్చుకుంటే ఉద్యోగం నీదేనని హెడ్‌మిస్ట్రెస్ నోటిమాటగా చెప్పేసింది కూడా. పాండిచ్చేరి నుంచి యానాం రావాలంటే రైల్లో ఓ పగలూ ఓ రాత్రీ కూర్చోవాలి. ఆ అబ్జర్వరు మళ్లీ మొహం చూపించేది వచ్చే ఏడే.

“పరీక్షంటే భయమా?” అన్నాడు మూర్తి.

“పరీక్షకి కాదు మావయ్యా. అసలు మా స్కూలే ఉంటుందో ఊడుతుందో తెలీట్లేదు.”

సంగతేమిటంటే, ఏ కరాటే స్కూలుకైనా గుర్తింపు నిలవాలంటే సంవత్సర చందా కట్టిన మెంబర్లు ఇరవైమంది ఉండాలి. ఇన్నాళ్లూ పేర్లు రాసి పోస్టులో పంపితే సరిపోయేది. ఈ ఏడు కొత్త రూలు. చందా కట్టిన ఇరవైమందీ అబ్జర్వరు కళ్లెదుట వరసగా నిలబడాలి. ఒక్కరు తగ్గినా స్కూలు లేదు, పరీక్ష లేదు, బెల్టు లేదు. కొత్త మెంబర్లను చేర్చుకునే గడువు కూడా దాటిపోయింది.

“మీకెంతమందున్నారు?”

“లిస్టులో సరిగ్గా ఇరవై. రోజూ వచ్చేది పందొమ్మిది.”

“ఆ ఇరవయ్యోవాడు?”

“తొమ్మిదో నంబరు మెంబరు. పి. పాపారావు. పదకొండేళ్లుగా ఏటా చందా కడతన్నాడు. ఒక్కసారీ క్లాసుకి రాలేదు. ఆ మనిషెలా ఉంటాడో మాస్టారుక్కూడా తెలీదు.”

మూర్తి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చట్నీ బొట్టొకటి చొక్కా మీద పడింది. ఆయన దాన్ని కూడా అనుమానంగా చూశాడు.

“మరి చందా ఎలా వస్తుంది?”

“జూన్ ఒకటో తారీకు పొద్దున్నే కింద మెట్ల దగ్గరున్న ఉత్తరాల డబ్బాలో కవరుంటుందంట. అందులో మూడొందలు, ఓ చీటీ. మాస్టారు స్కూలు పెట్టిన కొత్తలో ఎనిమిదిమందే చేరారు. అప్పుడొచ్చింది మొదటి కవరు, తొమ్మిదో నంబరని వాడే రాసుకున్నాడు. వచ్చే లక్ష్మిని కాదంటామా అని మాస్టారు లిస్టులో రాసేసుకున్నారు.”

ఆమె ఈ ఏటి చీటీ తీసి చూపించింది. ‘మెంబరు నెం. 9. పి. పాపారావు. సంవత్సర చందా జతపరచడమైనది. ఈ ఏడు కూడా రాలేకపోయాను. వచ్చే ఏడు తప్పకుండా వస్తాను.’

మూర్తి మూడుసార్లు చదివాడు. లేచి కిటికీ తలుపు మూశాడు. ఉక్కపోసింది. మళ్లీ తెరిచాడు.

“దుర్గా, ఇది చందా కాదు. హెచ్చరిక.”

“ఏంటీ?”

“‘తప్పకుండా వస్తాను.’ ఎందుకొస్తాడు? ఎవరికోసం వస్తాడు? పదకొండేళ్లుగా ఓ మనిషి, వస్తాను వస్తాను అని మీ మాస్టార్ని బెదిరిస్తన్నాడు!”

“బెదిరించేవాడు ఎదురు డబ్బులు కడతాడా మావయ్యా?”

“అక్కడే ఉంది వాడి తెలివి. మామూలు జనం ఏం చేస్తారు? క్లాసుకొస్తారు, చందా ఎగ్గొడతారు. వీడు చందా కడతాడు, క్లాసుకి రాడు. ఎందుకు రాడు? నేర్చుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి! అంటే ఎవడు వాడు? లోకంలోకెల్లా ప్రమాదకరమైన యోధుడు!”

దుర్గాశ్రీ ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక ఆ ఆరో ఇడ్లీ ఆయనకే ఇచ్చేసింది.

*

సెబాస్టియన్ మాస్టారు పొట్టిగా, గట్టిగా, ఇంటి ముందు పాతిన రాయిలా ఉంటారు. మేడ మీది స్కూల్లో మూర్తి ఆయన దగ్గర కూర్చుని గొంతు తగ్గించాడు.

“మాస్టారూ, ఆఖరి దారి ఒకటుంది. నేనే పాపారావునని చెప్పి వరసలో నిలబడతాను.”

“ఆదివారం పూట చర్చికెళ్లొచ్చి అబద్ధమాడమంటావా మూర్తీ?”

“శనివారమే ఆడేసి పక్కన పెట్టుకుందాంలెండి.”

మాస్టారు ఒక్క చూపు చూశారు. ఆ చూపుకే మూర్తి రెండడుగులు వెనక్కి నడిచి, తలుపు బదులు గోడలోంచి బయటికెళ్లబోయి, తర్వాత తలుపు కనిపెట్టాడు.

“ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేద్దాం మావయ్యా,” అంది దుర్గాశ్రీ. “ఫలానా పాపారావుగారు ఎక్కడున్నా రేపు నాలుగింటికి రావాలని.”

“పెట్టు. పెట్టి వాణ్ణి పారిపోనియ్యి. నేరస్థుణ్ణి పట్టాలంటే వాడికి తెలీకుండా వాడి చుట్టూ తిరగాలి. రహస్య విచారణ!”

“ఆయన నేరమేం చేశాడు?”

“అదే కదా కనిపెట్టాలి.”

టీ కొట్టులో అడిగితే యానాంలో అందరికీ తెలిసిన పాపారావులు ఇద్దరేనని తేలింది. అగ్రహారంలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఐసు పాపారావు, గోదావరి గట్టు దగ్గర బోటు నడిపే బోటు పాపారావు. ఇంకెవరైనా ఉన్నారేమో వాళ్లింట్లోవాళ్లకే తెలియాలి.

మూర్తి మారువేషంలో బయల్దేరాడు. నల్ల కళ్లద్దాలు, నాటకాలవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చిన గడ్డం. జూలై ఎండకు గడ్డం జిగురు కరిగి ఒకవైపు చెంప మీద, ఇంకోవైపు భుజం మీద ఉంది. దుర్గాశ్రీ స్కూటీ నడుపుతోంది. అగ్రహారం మలుపులో ఒకావిడ చెయ్యెత్తి ఆపింది.

“మూర్తిగారూ, మా మిక్సీ ఎప్పుడిత్తారండి?”

“నేను మూర్తిని కాను.”

“ఆయ్. అయితే మూర్తిగారు కనపడితే మిక్సీ అడిగానని చెప్పండి.”

“రేపు సాయంత్రానికి ఇస్తానని చెప్పమన్నాడు,” అని మూర్తి హుందాగా ముందుకు సాగిపోయాడు.

ఐసు ఫ్యాక్టరీ ముందు కుర్చీలో మేస్త్రీ ఇన్నయ్య కూర్చున్నాడు. మూర్తి స్కూటీ దిగి, అటూ ఇటూ చూసి, ఆయన చెవి దగ్గరికి వంగాడు.

“ఇక్కడ పాపారావు అని ఒకతనున్నాడు కదా. మనిషెలాంటివాడు?”

ఇన్నయ్య మూర్తిని చూశాడు. స్కూటీ మీద తల వంచుకు కూర్చున్న దుర్గాశ్రీని చూశాడు. ఆయన మొహం మెల్లగా వెలిగింది. లేచి తన కుర్చీ మూర్తికి వేశాడు.

“కూకోండి బాబూ. ఎండనపడి వచ్చారు. ఒరే, ఇద్దరికీ సోడాలు చెప్పండ్రా! ఆ పిల్లకి నిమ్మకాయ సోడా!”

మూర్తి దుర్గాశ్రీ వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు. సాక్షి లొంగిపోయాడని దానర్థం.

“కోపం ఎక్కువా?”

“అబ్బే, నోట్లో ఏలెడితే కొరకలేడండి.”

“తాగుతాడా?”

“టీ. అదీ రోజుకు రెండే.”

“చెయ్యి చేసుకుంటాడా?”

“ఎవరి మీదండి? ఐసు దిమ్మల మీదే. ఒక్క గుద్దుకి రెండు ముక్కలు.”

మూర్తి పెన్ను తీశాడు. ‘ఒక్క గుద్దు. రెండు ముక్కలు’ అని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

“రాత్రుళ్లు ఎక్కడుంటాడు?”

“ఇంట్లోనేనండి. సొంత డాబా. పైన ఇంకో అంతస్తుకి పిల్లర్లు కూడా లేపి ఉంచారు.”

“వెనకాల ఎవరెవరున్నారు?”

“అమ్మ, నాన్న. ఒకే ఒక్క అక్క, పెళ్లైపోయింది. బాద్యతలేం లేవండి.” ఇన్నయ్య దుర్గాశ్రీ వైపు వంగాడు. “ఏం సదివావమ్మా?”

“డిగ్రీ,” అంది దుర్గాశ్రీ. ఆమె మనసంతా మర్నాటి నాలుగింటి మీదే ఉంది.

“బంగారంలా ఉంది. సరే బాబూ, మంచి టైము సూసుకుని రేపే వచ్చేత్తాం.”

మూర్తి సోడా సగంలో వదిలేసి లేచాడు. స్కూటీ ఎక్కి అరకిలోమీటరు దాటాకే నోరు విప్పాడు.

“విన్నావా? ‘వచ్చేత్తాం’ అన్నాడు! ఒక్కడు కాదు, ముఠా!”

*

గోదావరి గట్టు మీద బోటు పాపారావు ఇంటి ముందు ఆయనగారి అక్క ఎండుచేపలు తిరగేస్తోంది. అక్కడా అదే రహస్య విచారణ. మనిషెలాంటివాడు, అలవాట్లేంటి, ఎవరితో తిరుగుతాడు, ఆదాయం ఎంత. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, దుర్గాశ్రీని వెనకనుంచి ముందుకీ, ముందునుంచి వెనక్కీ చూసి, మూర్తిని పక్కకు పిలిచింది.

“మరి నచ్చత్రం?”

మూర్తికి వెంటనే అర్థమైపోయింది. ఇది కోడ్. ముఠాలో మనుషులు ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టడానికి వాడే సంకేతం. తడబడితే ప్రాణం పోతుంది. గుర్తున్న ఒకే ఒక్క నక్షత్రం పేరు చెప్పేశాడు.

“రోహిణి.”

“అబ్బో! మావోడిది మృగశిర. పక్కపక్కనే. ఇంక సూస్కోక్కర్లేదు!”

దారిలో మూర్తి గర్వంతో ఉబ్బిపోయి స్కూటీ మీద సగం సీటు ఆక్రమించాడు. “శత్రువు కోడ్‌ని తొలిప్రయత్నంలోనే ఛేదించాను. రోహిణి అనగానే ఎలా వెలిగిపోయిందో చూశావా?”

“మావయ్యా, రోహిణి నా జన్మనక్షత్రం.”

“అందుకే గుర్తొచ్చింది.”

ఎండుచేపలావిడకి రోహిణితో పనేంటో దుర్గాశ్రీకి అంతుపట్టలేదు. 

*

యానాంలో ఎవరైనా తుమ్మితే గోదావరి అవతల ఎదుర్లంకలో చిరంజీవ అంటారు. పరాయి మనిషి ఇంటికొచ్చి, పెళ్లికాని కుర్రాడి గురించి తాగుతాడా, కోపమా, సొంతిల్లేనా అని అడిగితే, అందులోనూ వెంట ఈడొచ్చిన మేనకోడలుంటే, ఆ మనిషి డిటెక్టివని ఎవడనుకుంటాడు?

ఆదివారం పొద్దున్న పదింటికి దుర్గాశ్రీ హాల్లో గుద్దులు సాధన చేస్తుంటే, వాళ్లమ్మ పట్టుచీర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“ఒసే, ఆ తెల్ల పైజామా తీసెయ్యవే! పెళ్లివాళ్లొచ్చారు!”

“ఎవరి పెళ్లివాళ్లు?”

“నీ పెళ్లివాళ్లే! మావయ్య వెళ్లి వాకబు చేసొచ్చాడంట కదా. నాకొక్క ముక్కైనా చెప్పాడా వాడు! కుర్రాడు ఐసులా ఉన్నాడే!”

గుమ్మంలో ఇన్నయ్య, ఆయన వెనక బత్తాయిల సంచితో సిగ్గుపడుతున్న ఐసు పాపారావు. వాళ్లు కూర్చుని మంచినీళ్లు తాగుతుండగానే అరటిపళ్ల గెలతో బోటు పాపారావు, ఆయన అక్క వచ్చారు. రెండు పక్షాలూ ఎదురెదురు సోఫాల్లో కూర్చుని ఒకరి పళ్లు ఒకరు లెక్కపెట్టుకున్నాయి. దుర్గాశ్రీ వాళ్లమ్మ రెండు ట్రేలతో వచ్చి, ఎవరికి ముందు ఇవ్వాలో తెలియక మధ్యలో నిలబడిపోయి, చివరికి కాఫీ తనే తాగేసింది.

దుర్గాశ్రీ కరాటే డ్రెస్సులోనే వచ్చి ఇద్దరి ముందూ నిలబడింది.

“మీ ఇద్దర్లో ఎవరైనా ఎప్పుడైనా మా కరాటే స్కూలుకి సంవత్సర చందా కట్టారా?”

“కట్టమంటే కడతానండి,” అన్నాడు ఐసు పాపారావు.

“నేను రెండేళ్లది కడతాను,” అన్నాడు బోటు పాపారావు.

“ఇదివరకు?”

ఇద్దరూ లేదని తలూపారు. దుర్గాశ్రీ గోడ గడియారం చూసి అక్కడే కూలబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడేళ్లు. పొద్దున్నే నాలుగున్నరకు లేచిన ఏడేళ్లు. రెండుసార్లు విరిగిన చిటికెన వేలు. అన్నీ ఎవడో కనబడని మనిషి కాళ్ల దగ్గర ఆగిపోయాయి.

అప్పటిదాకా ఓ మూల నక్కి కూర్చున్న మూర్తి లేచొచ్చాడు. ఆమె మొహం చూసి, జీవితంలో మొదటిసారి, ముఠా ఊసెత్తలేదు. మెల్లగా, “ఆ బత్తాయొకటి వలిచిపెట్టనా?” అన్నాడు.

*

నాలుగింటికి స్కూల్లో అబ్జర్వరు కుర్చీలో కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో ఎర్ర పెన్నుతో. గోడవారగా బెంచీల మీద రెండు పెళ్లిబృందాలు. పిల్ల పరీక్ష చూడకుండా కదలమని ఒకరికి తీసిపోకుండా ఒకరు పంతం పట్టి వచ్చేశారు. ఆఖర్న మూర్తి.

అబ్జర్వరు ఒక్కో పేరూ పిలిచి, మొహం చూసి, టిక్కు పెడుతున్నాడు. ఎనిమిదో నంబరు అయింది.

“నైన్. పాపారావు.”

బెంచీల మీద ఇద్దరు లేచి నిలబడ్డారు.

“ఎవరు పాపారావు?”

“నేనేనండి,” అన్నాడు ఐసు పాపారావు.

“నేనూనండి,” అన్నాడు బోటు పాపారావు.

“ఒక్క నంబరుకి ఇద్దరా?”

“కాదు సార్,” అన్నారు మాస్టారు తల దించుకుని. “వీళ్లిద్దరూ మా మెంబర్లు కారు. ఆ మెంబరు రాలేదు.”

మిగతావాళ్లను కూడా పిలిచి, లెక్క చూసుకుని, అబ్జర్వరు పెన్ను మూత పెట్టాడు. “పందొమ్మిదే ఉన్నారు మాస్టర్. నాకూ బాధగానే ఉంది. కానీ రూలు నాది కాదు. నేను పక్కూరెళ్లి ఆరున్నర రైలు అందుకోవాలి.”

దుర్గాశ్రీ గోడకేసి చూస్తోంది. మూర్తి హాలు మధ్యలోకి దూకాడు.

“ఎవరూ కదలద్దు! ఈ గది దాటి ఎవరూ బయటికెళ్లడానికి వీల్లేదు! పాపారావు ఈ గదిలోనే ఉన్నాడు!”

“ఎక్కడ?” అన్నాడు అబ్జర్వరు.

అంత దూరం మూర్తి ఆలోచించలేదు. ఆలోచిస్తూ తలుపు దగ్గరికెళ్లి గడియ పెట్టాడు. పెట్టిన మరుక్షణం అవతలినుంచి తలుపు మీద దబదబమని మోత మొదలైంది. నాలుగో దెబ్బకు గడియ ఊడి కింద పడింది.

గుమ్మంలో డెబ్బై ఏళ్ల ముసలావిడ. గూడకట్టు చీర, చేతిలో గొడుగు, ఒక్క ఆయాసం కూడా లేని ఊపిరి.

“ఎవడ్రా మూర్తి?”

 అందరూ వేలు చూపించారు.

“మా ఆయనకి సంబంధం సూత్తన్నావంట?”

“నేనా? మీ ఆయనకా?”

“ఊరంతా టాంటాం అవుతుంది! కరాటే పిల్లకి పాపారావుని సూత్తన్నారని! డెబ్బైనాలుగేళ్ల ముసలోడికి ఇరవయ్యేళ్ల పిల్లా? నీకు కళ్లు పోయాయా?” గొడుగు గాల్లోకి లేచింది.

“మామ్మగారూ, ఊళ్లో పాపారావులు చాలామందున్నారు,” అంటూ దుర్గాశ్రీ అడ్డం వచ్చింది. “మీ ఆయనే అని ఎందుకనుకున్నారు?”

“నేనూ అలాగే అనుకున్నానమ్మా. ఈయన్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? ‘వీరవేణీ, ఆ మేడ మీద నాకు మెంబర్షిప్పు ఉంది’ అన్నాడు! నాకు తెలీకుండా పదకొండేళ్ల నుంచి పింఛన్లో డబ్బు తీసి ఇక్కడ కడుతున్నాడంట!”

 మాస్టారు ఒక్క గెంతులో ఆవిడ ముందుకొచ్చారు.

“అమ్మా, ఆయన ఎక్కడున్నారు?”

“కిందే, ఆటోలో. ఎదురుబొదురుగా అడిగేద్దామని లాక్కొచ్చాను. మెట్లు ఎక్కలేడు. మోకాళ్లు.”

*

కింద ఆటోలో ఓ బక్కపల్చటి పెద్దాయన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. తెల్లబట్టల్లో ఇరవైమంది మెట్ల మీంచి ఒక్కసారిగా తన మీదికి దూకడం చూసి ఆటోలో ఇంకాస్త లోపలికి జరిగాడు.

“పి. పాపారావుగారా? తొమ్మిదో నంబరు?” అంది దుర్గాశ్రీ ఆయాసంతో.

“నేనేనమ్మా. ఏం, ఈ ఏడు చందా అందలేదా? జూన్ ఒకటినే డబ్బాలో వేశానే!”

“అందిందండి. మరి పదకొండేళ్లుగా పైకి ఎందుకు రాలేదండి?”

“పైకి రాగలిగితే ఈ సంఘం నాకెందుకమ్మా?”

“ఏ సంఘం?”

పెద్దాయన మెంబర్లందర్నీ జాలిగా చూశాడు. “అదేంటి, మీకే తెలీదా? యానాం మోకాళ్ల నొప్పుల బాధితుల సంఘం.”

 మాస్టారు నెమ్మదిగా అన్నారు. “నాకు ముందు ఈ మేడలో ఏదో సంఘం ఉండేదని ఓనరు అన్నాడు. ఎత్తేశారని కూడా అన్నాడు.”

“ఎత్తేశారా!” పెద్దాయన నొచ్చుకున్నాడు. “ఎవరూ చెప్పలేదే.”

“మోకాళ్ల నొప్పుల సంఘం రెండో అంతస్తులో పెట్టారా?” అన్నాడు అబ్జర్వరు. ఆయన కూడా కిందికి వచ్చేశాడు.

“అద్దె తక్కువని మా సెక్రటరీ పెట్టాడండి. మొదటి మీటింగుకి పదిమందిమి కష్టపడి ఎక్కాం, మెంబర్లలో నాది తొమ్మిదో నంబరు. ఎక్కినవాళ్లం దిగలేక పొద్దుపోయేదాకా పైనే ఉండిపోయాం. ఆ రోజు నుంచి ఎవరూ రాలేదు. చందా మాత్రం కింద డబ్బాలో వెయ్యాలని తీర్మానం చేసుకున్నాం. నా మాట నేను తప్పలేదు.”

“అయ్యా, ఇంత పెద్ద బోర్డుంది కదండీ,” అని మూర్తి పైకి చూపించాడు. తెల్ల డ్రెస్సులో ఒకతను కాలు తలకన్నా ఎత్తుకు లేపి గాల్లో తంతున్న బొమ్మ. “ఇది చూడలేదా?”

“ఎందుకు చూళ్లేదు? ఏటా చూస్తాను. మోకాళ్లు నయమైతే అలా ఎత్తొచ్చని వేశారనుకున్నాను. ఆ బొమ్మ మీద ఆశతోనే కదా చందా కడుతున్నాను!”

మాస్టారు అటు తిరిగి భుజాలు కదిలిస్తున్నారు. అది ఏడుపో నవ్వో ఎవరూ అడగలేదు. అబ్జర్వరు వాచీ చూసుకున్నాడు. “మెంబరు చందా కట్టాడు, నిజమే. కానీ లైన్లో నిలబడాలి. హాల్లో.”

ఆ మాట పూర్తయ్యేలోపే ఐసు పాపారావు ఆటోలోకి దూరాడు. రోజుకి వంద ఐసు దిమ్మలెత్తే మనిషి. “తాతగారూ, నా మెడ పట్టుకోండి.” బోటు పాపారావు ఊరుకుంటాడా? టీ కొట్టులోంచి కుర్చీ ఎత్తుకొచ్చాడు. ఒక పాపారావు ముందు, ఒక పాపారావు వెనక, మధ్యలో కుర్చీలో ఇంకో పాపారావు. వీధంతా చూస్తుండగా, ముప్పై ఎనిమిది మెట్ల మీదుగా తొమ్మిదో నంబరు మెంబరు పదకొండేళ్లకు తన సంఘంలోకి ఊరేగింపుగా వచ్చాడు.

వరసలో ఎనిమిదికీ పదికీ మధ్య కుర్చీ దింపారు. పెద్దాయన కర్ర ఊతం చేసుకుని, అటు దుర్గాశ్రీ, ఇటు మాస్టారు పట్టుకోగా లేచి నిలబడ్డాడు. అబ్జర్వరు పెన్ను మూత తీశాడు.

“ఏ బెల్టు?”

పెద్దాయన చొక్కా పైకెత్తి నడుముకున్న పట్టీ చూపించాడు. “డాక్టరు రాసిచ్చాడండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేస్తాను.”

అబ్జర్వరు ఆ గళ్లో ఏం రాయాలో తెలియక ‘ఉంది’ అని రాసి టిక్కు పెట్టాడు. ఇరవై.

“చెప్పానా లేదా? పాపారావు ఈ గదిలోనే ఉన్నాడు,” అన్నాడు మూర్తి. “నేను పావుగంట ముందు చెప్పాను, అంతే తేడా.”

ఆ తర్వాత దుర్గాశ్రీ వంతు. ఆమె హాలు మధ్యకు వచ్చి వంగి నమస్కరించింది. ఏడేళ్లుగా రోజూ చేసిందే అయినా, ఆ రోజు ఆమె అరుపుకి కిటికీలో పావురం లేచిపోయింది. తన్నులు, దెబ్బల్ని కాచుకోవడం, ముగ్గురితో పోరు. ఆఖర్న మాస్టారు మూడు పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆమె చెయ్యి పైకి లేవడం కనబడింది గానీ దిగడం ఎవరికీ కనబడలేదు. మూడు పెంకులూ ఆరు ముక్కలయ్యాయి. బోటు పాపారావు అక్క ముక్కలు లెక్కపెట్టి, తమ్ముడి చెయ్యి పట్టుకుని, అరటిగెల సంగతి మర్చిపోయి చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయింది. ఐసు పాపారావు మాత్రం నోరు తెరుచుకుని అక్కడే కూర్చున్నాడు.

అబ్జర్వరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, నల్ల బెల్టు తనే ఆమె నడుముకు కట్టాడు. దుర్గాశ్రీ ముందు మాస్టారికి నమస్కారం పెట్టింది. తర్వాత వెళ్లి పెద్దాయన మోకాళ్లకు దణ్ణం పెట్టింది. రైలు టైమైందని అబ్జర్వరు పరుగు తీశాడు.

అప్పటిదాకా గోడవారగా నిలబడి అంతా చూస్తున్న వీరవేణి గొడుగుతో నేల మీద రెండుసార్లు కొట్టింది.

“మాస్టారూ, పదకొండేళ్ల చందా కట్టాం. వీసమెత్తు పాఠం చెప్పించుకోలేదు. అవునా?”

“అవునమ్మా. ఆ డబ్బు మొత్తం తిరిగిచ్చేస్తాను.”

“డబ్బెవరిక్కావాలండి? ఈయన మోకాళ్లు పన్జెయ్యవు. నాయి బాగానే పన్జేత్తాయి. ముప్పై ఎనిమిది మెట్లు ఒక్క ఊపుని ఎక్కొచ్చాను. ఈయన బదులు నేను నేర్చుకుంటాను.”

“ఏవే, వయసు...” అన్నాడు పెద్దాయన.

“మీరూరుకోండి. మీ మెంబర్షిప్పు మీదే ఉంటది.” ఆవిడ చీర కుచ్చెళ్లు బొడ్లో దోపింది. “ఎప్పట్నుంచి రమ్మంటారు?”

మాస్టారు దుర్గాశ్రీ వైపు చూశారు. “ఇక్కడ ఇప్పుడు ఇద్దరు టీచర్లున్నారమ్మా. చిన్న టీచర్ని అడగండి.”

దుర్గాశ్రీ కొత్త బెల్టు ఒకసారి సర్దుకుంది. రేపు ఇంటర్వ్యూలో ఏం చెయ్యమంటారోనని పొద్దున్నుంచీ గుండె దడదడలాడుతూనే ఉంది. ఇప్పుడు తొలి స్టూడెంటు ఎదురుగా నిలబడి ఉంటే ఆ దడ ఎటుపోయిందో పోయింది.

“ఇప్పట్నుంచే మామ్మగారూ. మొదటి పాఠం, తన్ను. ఎదురుగా దిండు పట్టుకుని నిలబడ్డానికి ఓ మనిషి కావాలి.”

పిల్లికన్నా మెత్తగా తలుపు వైపు జరుగుతున్న శ్రీరామచంద్రమూర్తిని ఐసు పాపారావు భుజాలు పట్టుకుని ఎత్తి, దిమ్మ దింపినట్టు హాలు మధ్యలో దింపాడు. ఎవరో ఆయన చేతుల్లో దిండు పెట్టారు.

“దుర్గా, నేను నీ మేనమామని,” అన్నాడు మూర్తి.

“దిండు పొట్టకి ఆనించుకో మావయ్యా. మామ్మగారూ, ఎడం కాలు ముందుకి. కుడి మోకాలు పైకి. బాగుంది, ఇంకొంచెం పైకి. చూపు తిన్నగా ఉండాలి. ఇప్పుడు మీకు బాగా కోపం తెప్పించిన మనిషినొకణ్ణి తల్చుకోండి.”

“తల్చుకోడం ఎందుకమ్మా,” అంది వీరవేణి. “ఎదురుగానే ఉన్నాడుగా!”